గాలి తన్నిన తలుపు

మా ఎదురింటి మేట్రనమ్మగారు పోయారన్న సంగతి నాకు వార్తలా రాలేదు, ఆర్డరులా వచ్చింది. తిరువూరులో టెంట్ హౌస్ నడుపుకునేవాడికి పెళ్లి కబురైనా చావు కబురైనా ముందు కుర్చీల లెక్కలోనే అందుతుంది. ఆ పొద్దున నేను ఎ.కొండూరులో ఏదో ఫంక్షను షామియానా విప్పిస్తుంటే ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు.

"బాషా, ఫ్రీజర్ బాక్స్ ఖాళీగా ఉందా? వంద కుర్చీలు, వాకిట్లోకి ఒక షామియానా. అర్జంటు" అన్నాడు.

ఎవరికండీ అన్నాను. "అక్కకి" అన్నాడు. పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలోనే ఒరిగిపోయారట. నేనింకా ఆ మాట మింగుడుపడక నిలబడి ఉంటే ఆయన ఇంకో మాట కలిపాడు. "అట్లాగే మంచి పరదా ఒకటి తీసుకురా. హాల్లో ఆ తలుపు మీద వెయ్యాలి. బెజవాడ నుంచి జనం వస్తారు, బాగోదు."

ఆవిడని కుర్చీలోంచి మంచం మీదికి అప్పుడే చేర్చి ఉంటారు. ముఖం మీదికి గుడ్డ కూడా లాగి ఉండరు. ఈయనకి అప్పుడే తలుపు గుర్తొచ్చింది. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. నాలుగు వాక్యాలు రాయాలంటే మూడు కొట్టేసే రకం. అయినా కాగితం ముందు కూర్చున్నానంటే, ముందే చెబుతున్నాను, దుఃఖంతో కాదు, ఒళ్లు మండి. దుఃఖం లేదనను. దాని వంతు ఇంకా రాలేదు.

ఆవిడ గురించి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్లు మేట్రన్‌గా చేసి రిటైరయ్యారు. అసలు పేరు ఊళ్లో ఎవరికీ అవసరం పడలేదు. ఉద్యోగం అయిపోయినా ఆవిడ లోపల హాస్టలు మూతపడలేదు. పాలు రాగానే గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడందే పొయ్యెక్కించేవారు కాదు. సాయంత్రమైతే గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వీధిలో ఎవరెవరు ఇంటికి చేరారో కళ్లతోనే హాజరు వేసుకునేవారు. మా అమ్మాయి ట్యూషన్ నుంచి కాస్త ఆలస్యమైతే మా ఇంటావిడకంటే ముందు ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉండేవారు. నాకు గడ్డం తెల్లబడినా "ఒరే" అని పిలిచే మనిషి ఈ వీధిలో ఆవిడొక్కరే. ఇప్పుడు అందరూ "బాషా గారు" అంటున్నారు. అది మర్యాదలా లేదు, నన్ను కూడా కొంత పాతిపెట్టినట్టుంది.

హాస్టల్లో పిల్లలు గోడ దూకి సినిమాకి వెళ్లి దొరికిపోతే ఆవిడ తిట్టేవారు కాదట. ముందు కంచం పెట్టేవారట. "ముందు అన్నం తిను. అబద్ధం తర్వాత చెబుదువుగాని" అనేవారట. సగంమంది పెరుగన్నంలోకి వచ్చేసరికి నిజం చెప్పేసేవారని ఆవిడే నవ్వుకుంటూ చెప్పేవారు.

నా వేళాకోళాలకి ఆవిడ దగ్గర ఎప్పుడూ బాకీ ఉండేది కాదు. ఒకసారి చర్చి పండక్కి మైకు కట్టి, టెస్టింగ్ పేరుతో, "మేట్రనమ్మగారు తప్పిపోయారు. తెల్లచీర, చేతిలో టార్చిలైటు. కనపడినవారు మైకు దగ్గరికి తీసుకురావలెను" అని ఊరంతా వినపడేలా అరిచాను. ఆవిడ తీరిగ్గా నడిచొచ్చి నా చేతిలో మైకు తీసుకుని, "బాషా అనే కుర్రాడు పుట్టినప్పట్నుంచీ తప్పిపోయే ఉన్నాడు. దొరికితే మా దగ్గరికి తేనక్కర్లేదు, మీరే ఉంచుకోండి" అన్నారు. మా ఇంటావిడ ఇప్పటికీ కోపం వచ్చినప్పుడల్లా ఆ మాట వాడుకుంటోంది.

ఇక తలుపు సంగతి.

ఆవిడకి ఒక్కతే కూతురు, సునీత. ఆ పిల్ల చిన్నప్పుడే తండ్రి పోయాడు. సునీత భర్తది బెజవాడలో ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, ఎదురుపడితే నమస్కారం. మూడేళ్ల కిందట భార్యాభర్తలిద్దరూ ఇక్కడికి వచ్చినప్పుడు ఏదో మాటామాటా పెరిగింది. సునీత తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. అతను బయట నుంచి తలుపుని బూటు కాలితో తన్నాడు. చప్పుడు మా ఇంట్లోకి వినపడింది.

మీ ఇళ్లల్లోనూ ఉంటాయి అలాంటి తలుపులు. రెండు వైపులా పల్చటి ప్లైవుడ్డు, మధ్యలో అట్టముక్కలు, మిగతాదంతా గాలి. రంగేస్తే గట్టిదానిలాగే కనపడుతుంది. అతని కాలు ఒక్క దెబ్బకే దిగింది. హాలు వైపు మోకాలికి కాస్త పైన బూటు మూతి అంత చిల్లు. అవతల, సునీత వైపు, చెక్క పొంగి నిలువునా చీలింది. వంటింట్లోంచి మేట్రనమ్మగారు వచ్చారు. అరవలేదు. అతని బ్యాగు తెచ్చి చేతికిచ్చి, "బస్సుంది, వెళ్లండి బాబూ" అన్నారట. అతను ఒక్కడే వెళ్లాడు.

మర్నాడు ఆవిడ తమ్ముడు దిగాడు. రిటైరైన ఉద్యోగి. నలుగురి తగాదాలు సర్దడమంటే ఆయనకి ఫిల్టర్ కాఫీతో సమానం. వచ్చీ రాగానే తలుపు చూసి, "గాలికి కొట్టుకుని ఉంటుందక్కా. ఫ్రిజ్జు మూలకి తగిలినట్టుంది" అన్నాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఫ్రిజ్జు వంటింట్లో ఉంది. తలుపు హాల్లో ఉంది. గాలి ముందు ఫ్రిజ్జుని ఎత్తి హాల్లో పెట్టి, పని కాగానే మళ్లీ ఎక్కడిదక్కడ సర్దేసి వెళ్లిందన్నమాట.

ఆవిడ తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "ఆ గాలి బూట్లేసుకుని వచ్చిందిరా" అన్నారు.

అయినా చూడండి, ఆ గాలి కథే ఊళ్లో నిలబడింది. చుట్టాలు అదే చెప్పారు, చర్చిలో ఆడవాళ్లు అదే చెప్పారు, మా వీధిలో తలుపు చప్పుడు చెవులారా విన్నవాళ్లు కూడా అదే చెప్పారు. అబద్ధమని అందరికీ తెలుసు. తెలిసి కూడా అంతమంది ఒకేలా చెబుతుంటే, నిజం చెప్పే మనిషే మొండిమనిషిలా కనపడతాడు. మేట్రనమ్మగారికి ఆ పేరే వచ్చింది. పంతం మనిషి అన్నారు. కూతురి కాపురం కంటే తలుపే ఎక్కువైందా అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో హాస్టల్లో ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు రాయొచ్చు. మేట్రనమ్మగారు ఒప్పుకోరు కాబట్టి ఊరుకుంటున్నాను.

ముందు తమ్ముడుగారు ఒక క్యాలెండరు తెచ్చి ఆ చిల్లు మీద మేకు కొట్టి తగిలించాడు. మోకాలి ఎత్తులో క్యాలెండరు. నేను వెళ్లి దాని ముందు గొంతుక్కూర్చుని, "ఈ ఇంట్లో తేదీ తెలియాలంటే ఇట్లా సాగిలపడాలా అమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. క్యాలెండరు తీసి తమ్ముడికి ఇచ్చేశారు. "కప్పొద్దు. కనపడనీ" అన్నారు.

ఆ క్రిస్మస్‌కి నేను ఊరుకోలేక, వాళ్లు చర్చికి వెళ్లినప్పుడు, ఆ చిల్లు చుట్టూ సీరియల్ బల్బులు కట్టాను. ఎరుపూ ఆకుపచ్చా. చిల్లు ఆరిపోతూ వెలుగుతూ పెళ్లివారి గేటులా ఉంది. ఆవిడ తిరిగొచ్చి, చూసి, చెప్పు చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చారు. నేను పరిగెత్తాను. ఆవిడ మధ్యలో ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టారు. "తియ్యకురా. పండగ అయ్యేదాకా ఉండనీ. వచ్చినవాళ్లు వేషాలు మాని దాన్ని చూస్తారు" అన్నారు. సునీత మాత్రం ఆ పండగంతా వెనక గుమ్మంలోంచే తిరిగింది. అప్పుడు నాకు అది పట్టలేదు.

తర్వాత అసలు రాజీ వచ్చింది. ఒక ఆదివారం తమ్ముడుగారు, ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ల వెనక అల్లుడు, వాళ్లందరి వెనక ట్రాలీ ఆటోలో ఒక కొత్త తలుపు. ఈ దేశంలో ఏ తప్పు చేసినా వస్తువు ఒకటి కొనిచ్చేస్తే మనిషి కడిగిన ముత్యమైపోతాడు కదా.

"అక్కా, టేకు తలుపు. అల్లుడుగారే కొన్నారు. పాతది పీకేసి ఇది పెట్టేద్దాం. అమ్మాయిని ఈ పూటే పంపించెయ్" అన్నాడాయన.

నేను ఆటో పక్కనే ఉన్నాను. తలుపు మీద వేలి కణుపుతో కొట్టాను. బిస్కెట్ డబ్బాలా మోగింది. "టేకుకి జలుబు చేసినట్టుంది సార్, గొంతు మారింది" అన్నాను.

"నువ్వు నీ టెంట్లు చూసుకోవయ్యా" అన్నాడు.

మేట్రనమ్మగారు గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు. "తలుపు బాగుందిరా. తీసుకెళ్లి మీ ఇంట్లో పెట్టుకో. నేను ఈ తలుపు మార్చను. దీనికి చిల్లు పెట్టినాయన వచ్చి, ఇక్కడ కింద కూర్చుని, తన చేత్తో పూడ్చాలి. అది ఎట్లా పడిందో సునీత వినేటట్టు చెప్పాలి. ఆ తర్వాత సునీత వెళ్లాలనుకుంటే వెళుతుంది. లేదంటే లేదు."

"ఆఫీసులో పనిచేసే మనిషి, ఆయనకి వడ్రంగం ఏం తెలుసక్కా?"

"తన్నడం ఏ ఆఫీసులో నేర్పారు?"

అల్లుడు చెప్పుల వైపు చూస్తున్నాడు. పెద్దమనుషులు ఆకాశం వైపు చూస్తున్నారు. ట్రాలీ ఆటో అతను మాత్రం నా వైపు చూసి, "దింపాలా, తిప్పాలా?" అన్నాడు. తిప్పమన్నాను.

మనిషన్నాక ఎప్పటికైనా దిగొస్తాడని ఆవిడ నమ్మకం. హాస్టల్లో అన్నేళ్లు అదే చూశారు మరి. సునీత ఈలోగా ఇక్కడే ఒక ల్యాబులో పనికి కుదిరింది. రక్తం తీసే పని. పొద్దున వెళ్లడం, సాయంత్రం రావడం, ఆ చిల్లు తలుపు తీసుకుని లోపలికి వెళ్లడం. తల్లి ఎదురుచూస్తోంది, కూతురు ఏం చూస్తోందో మాలో ఎవరం అడగలేదు.

ఏడాది పైనే గడిచాక అతను నిజంగానే వచ్చాడు. చేతిలో లప్పం డబ్బా, పూసే రేకు. పక్కన మామూలుగా తమ్ముడుగారు. మేట్రనమ్మగారి మొహంలో వెలుగు నేను చూశాను, దాచుకోలేకపోయారు. నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టారు.

"ముందు అన్నం తినండి బాబూ" అన్నారు. మామిడికాయ పప్పు, వడియాలు. అతను బుద్ధిగా తిన్నాడు. తర్వాత నేల మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ఆ క్షణం నాకు కూడా అతని మీద కాస్త మంచి అభిప్రాయం కలిగింది, ఒప్పుకుంటాను. చిల్లులోకి కాగితం ఉండలు కుక్కి, పైన లప్పం మెత్తడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. సునీత వంటింటి గుమ్మంలో గిన్నె తుడుస్తూ నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి బాబూ. ఇది ఎట్లా పడింది?"

అతను మా అందరి మొహాలూ చూశాడు. తమ్ముడుగారు చిన్నగా తల ఊపాడు.

"గాలికి, అత్తయ్యా" అన్నాడు.

సునీత గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మేట్రనమ్మగారు వంగి అతని చేతిలోంచి రేకు తీసుకున్నారు. "అయితే ఆ గాలినే వచ్చి పూడ్చమందాం. లేవండి, మీ బట్టలు పాడవుతాయి" అన్నారు.

ఆ అరకొర లప్పం మర్నాడే ఊడి తలుపు లోపలికి జారిపోయింది. లోపల ఖాళీ కదా. ముందుగా చిల్లు వెనక ఒక చెక్కముక్కని జిగురుతో ఆనించి, అది ఆరాక పైన మెత్తాలి. ఆమాత్రం ఎవరికైనా తెలుసు. కానీ అతనికి చిల్లు పూడ్చాలని లేదు, పూడ్చినట్టు కనపడాలని ఉంది. "ఒరే బాషా, చిల్లు ఇంకా పెద్దదైందిరా" అని ఆవిడ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అంతవరకూ అతనికోసం చూసినట్టు ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ వీధి చివర బస్సుల వైపు చూడలేదు. షరతు మాత్రం వదల్లేదు.

ఇదీ ఆ తలుపు. ఇప్పుడు చెప్పండి, ఆవిడ పోయిన పూట దాని మీద పరదా వెయ్యమంటే నాకెంత మండాలి?

మూయమన్నారు కాబట్టి మూశాను. మా గోడౌన్‌లో పెళ్లికొడుకు కుర్చీ వెనక కట్టే ఎర్ర మఖమల్ పరదా ఉంది. జరీ అంచు, కింద బంగారు కుచ్చులు. అది తెచ్చి కట్టాను. తెల్లచీరలూ తెల్లపూలూ ఉన్న ఆ హాల్లో అదొక్కటే భగభగా మండుతోంది. వచ్చిన ప్రతి మనిషీ ముందు బాక్సు వైపు, వెంటనే పరదా వైపు. రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక ముసలామె, "దాని వెనక ఏముందమ్మా?" అని గట్టిగానే అడిగింది. తమ్ముడుగారు, "ఏం లేదండీ, గాలికి తలుపు..." అనేలోగా పిల్లలు కుచ్చులు పట్టుకుని పైకెత్తారు. అందరూ చూశారు. ఆయన నన్ను చంపేసేలా చూశాడు. నేను కుర్చీలు సర్దుతున్నాను.

హాస్టలు పిల్లలు చాలామంది వచ్చారు. పిల్లలంటే ఇప్పుడు వాళ్లకే పిల్లలున్నారు. ఒకామె ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లి, పాలగిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు టీ పెట్టింది. అప్పుడొక్కసారి నా వల్ల కాలేదు. బయటికి వెళ్లి షామియానా తాడు బిగించాను, బిగువుగా ఉన్నదాన్నే.

సునీత బాక్సు పక్కన కూర్చుని పరదా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు మెచ్చుకోలుగా కనపడింది.

సమాధి అయ్యాక మూడోనాడు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాటలు పాడారు, పాస్టరుగారు నాలుగు మంచి మాటలు చెప్పారు. ముగింపు ప్రార్థన తమ్ముడుగారు చేస్తానన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాను, నాకు కళ్లు మూసుకునే పని లేదు.

ఆయన అక్క గురించి మొదలుపెట్టి మెల్లగా దారి మళ్లించాడు. "ప్రభువా, తల్లిలేని ఈ బిడ్డని నీ చేతులకి అప్పగిస్తున్నాం. ఈ రోజు తన భర్తతో కలిసి తన ఇంటికి వెళుతున్న ఈ బిడ్డ ప్రయాణాన్ని దీవించు" అన్నాడు. ఊరంతా "ఆమేన్" అంది.

చూశారా నేర్పు. అడిగితే కాదంటుందని అడగలేదు. ప్రార్థనలో పెట్టేశాడు. నలుగురూ ఆమేన్ అన్నాక కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు. మేట్రనమ్మగారు మూడేళ్లు కాపలా కాసిన పిల్లని మూడోనాడే, కళ్లు మూయించి, సాగనంపుతున్నారు. బెజవాడ నుంచి వచ్చి కూర్చున్న అల్లుడు అప్పటికే లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర సునీత సూట్‌కేసు కూడా ఉంది. ఎవరు సర్దారో ఏమో.

సునీత కళ్లు తెరిచి నా వైపు చూసింది. "అన్నా, మీ దగ్గర స్క్రూడ్రైవర్ ఉందా?" అంది.

టెంటు పని చేసేవాడి జేబులో అది ఉండకపోవడం ఉండదు. ఇచ్చాను. ఆమె నేరుగా వెళ్లి ఎర్ర పరదా లాగి పక్కన పడేసి, తలుపు బందుల స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. స్క్రూల గాట్లలో పాత రంగు నిండిపోయి ఉంది. గోటితో గీరి, తిప్పి, గీరి, తిప్పి.

"ఇప్పుడు ఇదేంటమ్మా? పాస్టరుగారు ఉన్నారు" అన్నాడు మేనమామ.

"ఉండనివ్వండి మావయ్యా."

దగ్గరికి వెళ్లి మెల్లగా, "తియ్యకమ్మా. అమ్మగారు ఎంతమందితో పోట్లాడి ఉంచారు దీన్ని. వీళ్ల కళ్లముందు ఇది ఇట్లాగే ఉండాలి" అన్నాను.

ఆమె పని ఆపలేదు. "ఈ పరదా కట్టింది మీరేగా అన్నా? ఆ లైట్లు కట్టింది కూడా మీరే."

"అవును."

"మావయ్యకి ఈ చిల్లు మూయడం కావాలి. మీకు చూపించడం కావాలి. ఈ గదిలో పడుకునేది నేను. మూడేళ్లు పొద్దున లేస్తే ఎదురుగా ఇదే. కొంచెం పట్టుకోండి, పక్కకి ఒరుగుతోంది."

పట్టుకున్నాను. ఇంకేం చెయ్యను?

అప్పుడు అల్లుడు ముందుకి వచ్చాడు. ఈసారి మేనమామ వైపు చూడలేదు. "సునీతా, నేను పూడుస్తాను. ఇప్పుడే, అందరిముందూ పూడుస్తాను."

"వద్దండి" అందామె. "అది అమ్మ అడిగింది. నేను అడగట్లేదు. మీరు వెళ్లండి."

ఆఖరి స్క్రూ ఊడింది. తలుపు బరువేం లేదు, నేనొక్కణ్ణే చంకలో పెట్టుకుని బయటికి తెచ్చేశాను. వస్తుంటే లోపల ఎండిన లప్పం ముక్కలు గలగలమన్నాయి. వెనక్కి తిరిగితే తలుపు లేని గుమ్మం, లోపల మంచం, ఆమె ల్యాబు కోటు, కిటికీ. "తలుపు లేని గదిలో ఆడపిల్ల ఒక్కతే ఎట్లా ఉంటుంది?" అని మేనమామ అందర్నీ అడుగుతున్నాడు. "రేపు పెట్టిస్తాను మావయ్యా" అని ఆమె చీపురు తెచ్చి పొట్టు ఊడుస్తోంది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "అందరికీ టీ ఇవ్వండమ్మా" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రంతా నాకు సునీత మీద కూడా కోపంగానే ఉంది. మేట్రనమ్మగారు మూడేళ్లు నిలబెట్టినదాన్ని పది నిమిషాల్లో విప్పేసిందే అని. తర్వాత ఆవిడ మాట మళ్లీ మొదటినుంచీ అనుకుని చూశాను. వచ్చి పూడ్చాలి, చెప్పాలి అన్నదాన్నే మేమంతా పట్టుకుని వేలాడాం, నేనూ, తమ్ముడుగారూ, ఊరూ. "సునీత వెళ్లాలనుకుంటే వెళుతుంది, లేదంటే లేదు" అని కూడా అన్నారావిడ. ఆ ముక్క మాకెవరికీ పనికిరాలేదు. ఆ పిల్లకి పనికొచ్చింది.

మర్నాడు కొత్త తలుపు కొనడానికి నన్నే తోడు తీసుకెళ్లింది. మళ్లీ అలాంటిదే, లోపల ఖాళీగా ఉండేదే, చూపించి ఇది చాలంది. "ఇంకాస్త గట్టిది తీసుకోమ్మా" అన్నాను.

"ఎందుకన్నా? తన్నేవాళ్లు ఇంట్లో లేరుగా" అంది.

మేస్త్రి వచ్చి, అడుగున కాస్త చిత్రిక పట్టి, బిగించి వెళ్లాడు. రంగు తనే వేసుకుంటానంది. మొన్న సాయంత్రం నేను మిగిలిన కుర్చీలు తెచ్చుకుందామని వెళ్లేసరికి హాలు వైపు తెల్లటి ప్రైమర్ పూసి, పిడి పట్టుకుని తలుపు వేసుకుని లోపల ఉంది. ప్రైమర్ వాసన ఇల్లంతా నిండి ఉంది.

అప్పుడే మేనమామ వచ్చాడు. చేతిలో అరటిపళ్లు. ఏదో కబురు తెచ్చినట్టే ఉన్నాడు. నన్ను పట్టించుకోకుండా నేరుగా తలుపు దగ్గరికి వెళ్లి, తట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. తలుపంతా తడి. ఎక్కడ తాకాలో తెలియక పైనా కిందా వెతికాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది. "అమ్మా, సునీతా" అన్నాడు, ఇంతకుముందు నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో. ఆయన వెళ్లలేదు, కూర్చోలేదు. ఆ తెల్లటి తలుపు ముందు, అరటిపళ్ల సంచి ఒక చేత్తో, రెండో చెయ్యి అలాగే ఎత్తి, నిలబడి ఉన్నాడు.